అమ్మకి సీటీ మైలోగ్రామ్ రాశారు, రక్తం పల్చబడే మాత్ర వాడుతోంది, ముందు ఏమేం చూసుకోవాలి?

పెద్దకొడుకు:
అందరికీ నమస్కారం అండి. మా అమ్మకి 68 ఏళ్ళు. ఏడాదిగా నడుము నుంచి కుడికాలు పిక్క దాకా ఒకటే లాగుడు, నాలుగడుగులు వేస్తే ఆగిపోవాలి, కాస్త ముందుకి వంగి నిలబడితే తగ్గుతుంది, మళ్ళీ నడిస్తే మళ్ళీ అదే. ఎమ్మారై తీద్దామంటే గుండెలో పేస్‌మేకర్ ఉంది, పాత రకం. అందుకని వెన్నులో సూదితో మందు ఎక్కించి సీటీ తీస్తాం, మైలోగ్రామ్ అంటారు, పది రోజుల్లో రండి అన్నారు. ఇచ్చిన కాగితంలో రెండే ముక్కలు ఉన్నాయి, ఉదయం ఏమీ తినకూడదు, తోడు ఒకరు రావాలి, అంతే. అమ్మ రక్తం పల్చబడటానికి వార్ఫరిన్ వేసుకుంటుంది, బీపీ మాత్ర ఉంది, రాత్రిపూట కాలి మంటకి అమిట్రిప్టిలిన్ 10 ఉంది. వెన్నులో సూది అనేసరికి అమ్మ రెండు రోజుల నుంచి సరిగ్గా నిద్రపోలేదు, నిజం చెప్పాలంటే నేనూ పోలేదు. చేయించుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ముందు నుంచి చివరిదాకా ఎలా ఉంటుందో చెప్పండి ప్లీజ్.

నడుమునొప్పి_పాతకాపు:
నేను చేయించుకున్నా అండి మూడేళ్ళ కిందట. నాకు వెన్నులో రాడ్లు స్క్రూలు ఉన్నాయి, ఎమ్మారై తీస్తే ఆ మెటల్ చుట్టూ అంతా నల్లగా మసకగా వచ్చి నరం ఎక్కడ నొక్కుకుంటుందో కనిపించలేదు, అందుకని ఇది చేశారు. భయపడ్డంత ఏమీ లేదు, మత్తు ఇంజక్షన్ ఇచ్చేటప్పుడు చురుక్కుమంటుంది, తర్వాత సూది లోపలికి పోయేటప్పుడు నొప్పి కాదు ఎవరో వేలితో గట్టిగా నొక్కుతున్నట్టు ఉంటుంది. నాకు కష్టమనిపించింది బోర్లా పడుకోవడమే, అరగంట పైన కదలకుండా. అమ్మగారికి బోర్లా పడుకునే అలవాటు లేకపోతే ఇప్పటినుంచే పొట్ట కింద దిండు పెట్టి రోజూ ఒక పది నిమిషాలు అలవాటు చేయించండి, ఇది నాకు ఎవరూ చెప్పలేదు, చెప్పుంటే బాగుండేది.

ఎక్స్‌రేగది:
పెద్దకొడుకు గారు, నేను రేడియాలజీలో టెక్నీషియన్‌ని, ఈ టెస్ట్ దగ్గర చాలాసార్లు నిలబడ్డాను. మీ పోస్ట్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన మాట వార్ఫరిన్. ఆ కాగితంలో దాని గురించి లేదంటే ఇవాళే ఫోన్ చేయండి, పది రోజులు ఉన్నాయి కదా అని ఆగొద్దు. వార్ఫరిన్ ప్రభావం దిగడానికి మామూలుగా 5 రోజులు పడుతుంది, తర్వాత రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చెప్పే ఐఎన్ఆర్ రక్తపరీక్ష చేసి అది చాలామంది డాక్టర్లు 1.5 లోపు వచ్చిందని చూసుకున్నాకే సూది పట్టుకుంటారు. వెన్నులో రక్తం కారితే అక్కడ చోటు ఉండదు, గడ్డకట్టి నరాల మీద కూర్చుంటే కాళ్ళు చచ్చుబడే ప్రమాదం ఉంది, చాలా అరుదే కానీ ఆ అరుదు కోసమే ఈ జాగ్రత్తంతా. కానీ దయచేసి మీ అంతట మీరు ఆపొద్దు. అమ్మగారు అది ఎందుకు వేసుకుంటున్నారో, ఆ గ్యాప్‌లో వేరే ఇంజక్షన్ కావాలో వద్దో గుండె డాక్టరే చెప్పాలి. ఆపకుండా టెస్ట్‌కి రావడం ఎంత ప్రమాదమో అడగకుండా ఆపేయడమూ అంతే ప్రమాదం.

పెద్దకొడుకు:
థాంక్యూ అండి, రేపు పొద్దున్నే గుండె డాక్టర్ దగ్గరికి వెళ్తా. గుండె కొట్టుకోవడం లయ తప్పుతోందని ఇచ్చారు ఆ మాత్ర, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని రాసుంది.

చిన్నమ్మాయి_ల:
మా నాన్నకి ఇదే టెస్ట్ అయినప్పుడు మేము చేసిన తప్పు చెప్తా, మీరు చెయ్యకూడదని. నర్సు ఏం మందులు వాడుతున్నారు అంటే నాన్న షుగర్, బీపీ అన్నాడు అంతే. మేము కూడా ఊ అన్నాం. టెస్ట్ రోజు టేబుల్ ఎక్కేముందు నర్సు మళ్ళీ అడిగి సంచిలో మాత్రల షీట్లు చూసి క్లోపిడోగ్రెల్ పట్టుకుంది, అదీ రక్తం గడ్డకట్టకుండా చూసే మాత్రే, అంతకు ముందు ఏడాది స్టెంట్ వేశారు నాన్నకి, అది గుండె మాత్ర కదా వెన్నుకి ఏం సంబంధం అనుకున్నాడు ఆయన. టెస్ట్ ఆపేశారు. పొద్దున్నుంచి ఏమీ తినకుండా వచ్చిన మనిషి, మాకు చాలా కోపం వచ్చింది, గట్టిగా మాట్లాడాం కూడా. తర్వాత డాక్టర్ కూర్చోబెట్టి చెప్పాక అర్థమైంది ఆ నర్సు మా నాన్న కాళ్ళు కాపాడిందని. క్లోపిడోగ్రెల్ అయితే 5 నుంచి 7 రోజులు ముందు ఆపాలన్నారు, అదీ స్టెంట్ వేసి ఎన్నాళ్ళయింది చూసి గుండె డాక్టర్ సరే అన్నాకే. ఆస్పిరిన్ మాత్రం ఆపక్కర్లేదన్నారు మాకు, అది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుందట. ఆ నర్సుకి తర్వాత వెళ్ళి సారీ చెప్పి వచ్చా.

ఎక్స్‌రేగది:
చిన్నమ్మాయి గారు చెప్పింది ప్రతి ఒక్కరూ చదవాలి. అపిక్సబాన్, రివరోక్సబాన్ లాంటి కొత్త రకం రక్తం పల్చబడే మాత్రలకి లెక్క వేరు, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చూసి రెండు మూడు రోజులు ముందు ఆపమంటారు. పేరు గుర్తులేకపోతే మాత్రల షీటే పట్టుకురండి.

ఇంకోటి, అమిట్రిప్టిలిన్ 10 అని రాశారు కదా పెద్దకొడుకు గారు, చిన్న డోసే కదా అని దాన్ని వదిలెయ్యకండి, చెప్పండి. వెన్నులోకి ఎక్కించే మందు, అంటే ఫిల్మ్‌లో నరాల దారి స్పష్టంగా కనపడేలా చేసే కాంట్రాస్ట్, మెదడు దాకా వెళ్తే కొద్దిమందిలో ఫిట్స్ రావచ్చు, ఫిట్స్ వచ్చే అవకాశాన్ని పెంచే మాత్రలు కొన్ని ఉన్నాయి, అమిట్రిప్టిలిన్ ఆ జాతిదే. కాంట్రాస్ట్ మందు కంపెనీ కాగితంలోనే రాసుంటుంది, అలాంటివి 48 గంటలు ముందు ఆపి టెస్ట్ అయ్యాక 24 గంటల దాకా మొదలుపెట్టకుండా ఉండటం గురించి ఆలోచించమని. ఇప్పుడు కొందరు డాక్టర్లు అంత అవసరం లేదని ఆపించరు, అది వాళ్ళు తేల్చాల్సిన విషయం, కానీ తేల్చాలంటే వాళ్ళకి తెలియాలి కదా. నడుము నొప్పికి ట్రమడాల్ వేసుకునేవాళ్ళు చాలామంది, అదీ చెప్పాలి. మానసిక వైద్యం మందులు, సిగరెట్ మానడానికి ఇచ్చే బుప్రోపియాన్, అన్నీ. ఇంతకుముందు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే అది అన్నిటికన్నా ముందు చెప్పాలి.

కాలునొప్పి_గట్లనే:
నాకు గూడ వచ్చే నెల జేస్తమన్నరు అన్నా. ఒక డౌటు, సూది వెన్నుపాముకి తగుల్తే మనిషి పడిపోతడని మా ఇంట్ల అందరు భయపెడ్తున్నరు, నిజమేనా? మా పెద్దబాపు అప్పట్ల చేయించుకుంటే నడుము ఇంకా ఖరాబైందని చెప్తరు.

నర్సు_అక్క:
తమ్ముడూ, ఈ భయం పేషెంట్లలో నేను రోజూ చూస్తాను, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా. వెన్నుపాము నడుము కింద దాకా ఉండదు. పెద్దవాళ్ళలో మామూలుగా మొదటి రెండు నడుము పూసల దగ్గరే, అంటే ఎల్1 ఎల్2 దగ్గరే అయిపోతుంది. దాని కింద నీళ్ళ సంచి లాంటిది ఉంటుంది, అందులో నరాలు విడివిడిగా జడపాయల్లాగా వేలాడుతూ ఉంటాయి. సూది ఎక్కువగా ఎల్2 ఎల్3 మధ్యనో ఎల్3 ఎల్4 మధ్యనో వేస్తారు, అదీ గుడ్డిగా కాదు, ఎక్స్‌రే తెర మీద చూస్తూ. సూది మొన వస్తే ఆ నరాలు నీళ్ళలో పక్కకి జరుగుతాయి. ఒక్కోసారి ఒక నరానికి తగిలి కాల్లోకి షాక్ కొట్టినట్టు వస్తుంది, అప్పుడు ఎగిరిపడకుండా "కుడికాలు" అనో "ఎడమకాలు" అనో నోటితో చెప్తే చాలు, డాక్టర్ వెంటనే సూది సర్దుకుంటారు. మెడ దగ్గర సూది వేయాల్సిన కేసులు కొన్ని ఉంటాయి, అవి తక్కువ, వాటికి వేరే జాగ్రత్త తీసుకుంటారు.

ఎక్స్‌రేగది:
పెద్దబాపు గారి సంగతి అబద్ధం కాకపోవచ్చు. నూనె రకం కాంట్రాస్ట్ 1920లలోనే వచ్చింది, లిపియోడాల్ అని, 1940ల నుంచి ఇంకో నూనె మందు వాడారు, 1980ల దాకా నడిచింది. అది ఒంట్లో కరగదు, టెస్ట్ అయ్యాక అదే సూదితో మళ్ళీ వెనక్కి లాగాలి, కొంత లోపలే ఉండిపోయేది, ఉండిపోయినచోట కొందరికి నరాలు వాచి ఒకదానికొకటి అతుక్కుపోయేవి. పెద్దవాళ్ళ దగ్గర వినే కథలు చాలామటుకు ఆ కాలానివి. ఇప్పుడు వాడేది ఐయోహెక్సాల్ లాంటిది, నీళ్ళలో కలిసేది, వెనక్కి తీయక్కర్లేదు, రక్తంలోకి వెళ్ళి మూత్రంలో పోతుంది, చాలావరకు ఒక్క రోజులోనే. అయినా కాంట్రాస్ట్ అన్నీ ఒకటి కాదు, రక్తనాళంలోకి ఇచ్చే రకాలన్నీ వెన్నులోకి పనికిరావు, కొన్ని ప్రాణాంతకం. అందుకే సీసా మీద వెన్నులోకి ఇవ్వవచ్చు అని రాసుందా లేదా అని మా దగ్గర ఒకరు పైకి చదువుతారు ఇంకొకరు చూస్తారు, అప్పుడే సిరంజిలోకి తీస్తాం. ఎంత హడావిడి రోజైనా ఇది మానలేదు.

కాలునొప్పి_గట్లనే:
గిట్ల ఎవ్వరు చెప్పలేదక్కా, అన్నా. మా ఇంట్ల చదివి వినిపిస్త.

తలనొప్పి_తగ్గింది:
నేను ఇంకో వైపు చెప్తాను, ఎందుకంటే నాకు తర్వాత ఇబ్బంది వచ్చింది, దాచడం మంచిది కాదు. నా వయసు 31, టెస్ట్ బాగానే అయింది, మర్నాడు లేచి కూర్చోగానే తల వెనక నుంచి మెడ దాకా పగిలిపోయే నొప్పి, పడుకుంటే పది నిమిషాల్లో పోతుంది, లేస్తే మళ్ళీ. నాకు తెలియక ఐదు రోజులు ఓర్చుకున్నా, ఫోన్ చేస్తే ఏమనుకుంటారో అని. సూది వేసినచోట చిల్లు మూసుకోక నీరు కారుతూ ఉంటే అలా వస్తుందట. చివరికి వెళ్తే నా చేతిలోంచే రక్తం తీసి నడుములో ఆ చిల్లు దగ్గర ఎక్కించారు, బ్లడ్ ప్యాచ్ అంటారు, గంటలో లేచి కూర్చున్నా, నొప్పి లేదు, ఏడ్చేశా నేను. చాలామందికి ఇంత దూరం రాదు, పడుకోవడం, బాగా నీళ్ళు తాగడం, కాఫీ, మామూలు నొప్పి మాత్రతో రెండు మూడు రోజుల్లో పోతుంది. కానీ పోకపోతే ఐదు రోజులు నాలాగా ఆగొద్దు.

నర్సు_అక్క:
ఈ తలనొప్పి వయసులో ఉన్న ఆడవాళ్ళకి, సన్నగా ఉన్నవాళ్ళకి ఎక్కువ, పెద్దవాళ్ళకి తక్కువ. సూది సన్నదైతే, మొన కోసుకుపోయే రకం కాకుండా పెన్సిల్ మొనలా ఉంటే ఇంకా తక్కువ. ఏ సూది వాడతారు అని ముందే అడగొచ్చు, అడిగితే ఎవరూ తప్పుగా అనుకోరు.

కూర్చుంటే ఎక్కువై పడుకుంటే తగ్గే నొప్పి ఒక రకం. జ్వరం, మెడ బిగుసుకుపోవడం, కాళ్ళలో బలం తగ్గడం, మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, ఫిట్స్, మతి తప్పినట్టు మాట్లాడటం, ఇవి వేరే. ఇవి వస్తే తెల్లారేదాకా చూద్దాం అనుకోకుండా అర్ధరాత్రైనా ఎమర్జెన్సీకి వెళ్ళిపోవాలి.

పెద్దకొడుకు:
గుండె డాక్టర్‌ని కలిశా. వార్ఫరిన్ 5 రోజులు ముందు ఆపమన్నారు, మధ్యలో ఇంజక్షన్ అక్కర్లేదన్నారు అమ్మ కేసులో. రేడియాలజీ వాళ్ళు అమిట్రిప్టిలిన్ రెండు రోజులు ముందు ఆపమన్నారు, ఆ మాత్ర పేరు చెప్పగానే "మంచిపని చేశారు చెప్పి" అన్నారు ఆవిడ, ఎక్స్‌రేగది గారూ మీకు దండం. ఇంకా కొన్ని ఉన్నాయి. అమ్మకి రొయ్యలు పడవు, ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయి, కాంట్రాస్ట్‌లో అయోడిన్ ఉంటుంది కదా, ప్రమాదమా? నీళ్ళు ఎంత తాగించాలి? ఏమీ తినకూడదు అంటే బీపీ మాత్ర కూడా వద్దా?

ఎక్స్‌రేగది:
రొయ్యలకీ దీనికీ సంబంధం లేదండి, అది చాలామందిలో ఉన్న అపోహ. రొయ్యలు పడనిది వాటిలోని ప్రొటీన్ వల్ల, అయోడిన్ వల్ల కాదు. వాళ్ళకి మాత్రం చెప్పండి, ఎలర్జీ మనిషి అని తెలియడం మంచిదే. అసలు అడగాల్సింది ఏంటంటే ఇంతకుముందు ఎప్పుడైనా సీటీకో యాంజియోకో కాంట్రాస్ట్ ఇచ్చినప్పుడు దద్దుర్లు, ఆయాసం, ముఖం వాపు వచ్చాయా అని. వచ్చి ఉంటే ముందురోజు రాత్రి నుంచే స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టాల్సి రావచ్చు, సుమారు 13 గంటలు ముందు మొదటి డోసు, అందుకే టెస్ట్ రోజు పొద్దున చెప్తే లాభం ఉండదు.

బీపీ మాత్ర మామూలుగా కొద్ది నీళ్ళతో వేసుకోమంటారు, కానీ మీ వాళ్ళని అడిగి ఖాయం చేసుకోండి. షుగర్ ఉన్నవాళ్ళయితే తినకుండా ఉండే టైమ్‌కి ఇన్సులిన్, మాత్రలు ఎలా సర్దాలో విడిగా అడగాలి, మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళు కిడ్నీ రిపోర్ట్ కూడా చూపించాలి.

నర్సు_అక్క:
నీళ్ళ గురించి నేను చెప్తా. గట్టి ఆహారం కొన్ని గంటలు ముందు ఆపమంటారు కానీ చాలాచోట్ల నీళ్ళు ఆపమనరు, పైగా తాగమంటారు, ఒంట్లో నీరు ఉంటే తలనొప్పి తక్కువ, మందు తొందరగా బయటికి పోతుంది. "ఏమీ తినకూడదు" అని రాస్తే మన ఇళ్ళల్లో చుక్క నీళ్ళు కూడా ఇవ్వకుండా తీసుకొస్తారు, ఎండిపోయి వస్తారు పాపం. ఎంతసేపటి ముందు దాకా తాగొచ్చు అని అడిగి రాసుకోండి. గుండె బలహీనంగా ఉండి నీళ్ళు కొలత ప్రకారం తాగమన్నవాళ్ళు మాత్రం ఆ కొలతే పాటించాలి, అమ్మగారి విషయంలో ఇది గుండె డాక్టర్‌ని అడగండి.

నడుమునొప్పి_పాతకాపు:
టెస్ట్‌కి లోపలికి వెళ్ళేముందు ఖచ్చితంగా మూత్రానికి పంపించండి, టేబుల్ మీద సగంలో లేవలేరు. టేబుల్‌ని అటూ ఇటూ వంచుతారు, తల వైపు దింపుతారు కాళ్ళ వైపు దింపుతారు, మందు ఏ పూస దగ్గరికి కావాలంటే అక్కడికి పారేలా. పట్టీలు వేస్తారు, జారిపోం, కానీ ముందే తెలియకపోతే గుండె గుభేలుమంటుంది. మెడ చూడాలంటే గడ్డం పైకెత్తి ఉంచమంటారు, మందు తలలోకి వెళ్ళకుండా. తర్వాత సీటీ, అది పది పదిహేను నిమిషాలు, ఏమీ తెలియదు.

పెద్దకొడుకు:
అప్‌డేట్ ఇస్తున్నా అందరికీ, ఆలస్యమైంది.

మొదటి తారీఖున అవ్వలేదు. ఐఎన్ఆర్ 1.9 వచ్చింది, వద్దు అన్నారు, అమ్మ చిన్నబుచ్చుకుంది, నేను మాత్రం చిన్నమ్మాయి గారి పోస్ట్ గుర్తుపెట్టుకుని ఒక్క మాట అనలేదు. రెండు రోజులు ఆగి మళ్ళీ చూస్తే 1.3, అప్పుడు చేశారు.

అమ్మ పది రోజులు రోజూ దిండు పెట్టుకుని బోర్లా పడుకోవడం ప్రాక్టీస్ చేసింది, ఒకరోజు మానలేదు. లోపల 40 నిమిషాలు పట్టింది. ఒకసారి ఎడమకాల్లోకి షాక్ కొట్టిందట, "ఎడమకాలు" అని గట్టిగా అందట, డాక్టర్ వెంటనే ఆగి సర్దారట, బయటికొచ్చాక అదే మొదట చెప్పింది నాకు. పేస్‌మేకర్ ఉందని మానిటర్ పెట్టి ఉంచారు. తర్వాత తల వైపు మంచం ఎత్తి నాలుగు గంటలు పడుకోబెట్టారు. పూర్తిగా వెల్లకిలా పడుకోబెట్టాలేమో అనుకున్నా నేను, తల ఎత్తుగా ఉండాలని నర్సు చెప్పింది, మందు మెదడు వైపు పారకుండా.

ఒక విషయం మాత్రం నర్సు_అక్క గారిని అడగాలి, ఇంటికొచ్చాక రాత్రి వికారంగా ఉందంది, ఇంట్లో ప్రయాణాలకి వాడే ప్రోమెథజైన్ ఉంది, ఇవ్వబోయి ఎందుకో ఆగి వాళ్ళకి ఫోన్ చేశా, వద్దన్నారు, ఓండాన్‌సెట్రాన్ ఇమ్మన్నారు. ఎందుకు?

నర్సు_అక్క:
ఆగి ఫోన్ చేశారు చూడండి, చాలా మంచి పని. ప్రోమెథజైన్, ప్రోక్లోర్‌పెరజైన్ రెండూ ఫినోథయజీన్ జాతివి, పైన అమిట్రిప్టిలిన్‌కి చెప్పిన కారణమే వీటికీ, ఫిట్స్ వచ్చే అవకాశం పెంచుతాయి. మందు ఇంకా ఒంట్లో ఉన్న ఆ మొదటి రోజు వాంతికి అవి ఇవ్వకూడదు. ఇంట్లో మందుల డబ్బాలో ఉండేవే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

తలనొప్పి_తగ్గింది:
అమ్మగారికి తలనొప్పి వచ్చిందా అండి?

పెద్దకొడుకు:
రెండో రోజు కొంచెం బరువుగా ఉందంది, పడుకుంది, నీళ్ళు తాగింది, మూడో రోజుకి లేదు. వంగొద్దు, బరువులు ఎత్తొద్దు అన్నారు, నీళ్ళ బిందె దగ్గరికి వెళ్ళకుండా కాపలా కాయాల్సి వచ్చింది నేను. వార్ఫరిన్ ఎప్పుడు మొదలుపెట్టాలో కాగితం మీద రాయించుకుని మరీ వచ్చా, మళ్ళీ ఐఎన్ఆర్ చూపించే తారీఖు కూడా.

రిపోర్ట్‌లో ఎల్4 ఎల్5 దగ్గర నరాలు పోయే దారి బాగా ఇరుకైపోయిందని స్పష్టంగా వచ్చింది, అక్కడ మందు సన్నటి దారంలా కనపడుతోంది, మిగతా అంతా వెడల్పుగా. ఏడాది నుంచి నొప్పి ఎక్కడా అంటే అమ్మ చేత్తో చూపించేది కూడా అక్కడే. గురువారం సర్జన్ దగ్గరికి వెళ్తున్నాం.

కాలునొప్పి_గట్లనే:
అన్నా మంచిగైంది. నాది వచ్చే మంగళారం. మాత్రలన్ని ఒక సంచిల ఏసి పెట్టిన, ట్రమడాల్ గూడ, నిన్ననే పోయి చూపెట్టొచ్చిన. వాళ్ళు అడగలేదు నేనే తీసి బల్ల మీద పెట్టిన. ట్రమడాల్ రెండు దినాలు బందు వెట్టుమన్నరు, దాని బదులు పారాసిటమాల్ రాసిండ్రు. బోర్లా పండుడు గూడ షురూ జేసిన.

ఎక్స్‌రేగది:
శభాష్ తమ్ముడూ. తిరిగొచ్చేటప్పుడు బండి నువ్వు నడపొద్దు, 24 గంటల దాకా. ఎవరినైనా తీసుకెళ్ళు, అయ్యాక ఇక్కడ రాయి.